పాడవడం తెలిసిన మోడల్: మెయింటెనెన్స్ శిక్షణకు చిన్న కన్వేయర్ కట్టడంలోని లెక్కలు

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు మోసే కన్వేయర్ ఆగిపోతే, బంకర్లలో ఉన్న నిల్వతో కొన్ని గంటలు నెట్టుకురావచ్చు. ఆ తర్వాత యూనిట్ లోడు తగ్గించాల్సిందే. అందుకే బెల్ట్ మొరాయించిన రోజున అక్కడ చేరిన వాళ్లందరిదీ ఒకటే తొందర, ఎలాగైనా నడిపించాలి. కొత్తగా చేరిన అప్రెంటిస్‌కు ఆ సమయంలో దక్కేది టార్చిలైటు పట్టుకోవడం, స్పానర్లు అందించడం. సీనియర్ ఫిట్టర్ ఏం చూసి, బెల్ట్‌ను కింద మోసే రోలర్ల చట్రాల్లో ఆ ఐడ్లర్‌నే కదిపాడు, పక్కదాన్ని ఎందుకు ముట్టుకోలేదు అని అడిగే వీలుండదు. చెప్పే ఓపిక ఆయనకూ ఉండదు. పోనీ అంతా బాగున్న రోజున నేర్పుదామంటే, నేర్పడానికి ఆ రోజు లోపమే ఉండదు.

నడుస్తున్న యంత్రం దగ్గరికి కొత్తవాళ్లను పంపకూడదని చట్టం కూడా చెప్పింది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ ప్రకారం, కదులుతున్న యంత్రాన్ని పరీక్షించడం, దానికి ఆయిల్ వేయడం, సర్దడం లాంటివి ప్రత్యేక శిక్షణ పొంది, బిగుతు దుస్తులు వేసుకున్న వయోజన పురుష కార్మికుడే చేయాలని ఉండేది. (ఆ ‘పురుష’ అన్న షరతు గురించి వేరే వ్యాసమే రాయొచ్చు.) మరి ఆ ప్రత్యేక శిక్షణ ఎక్కడ ఇవ్వాలి? బెల్ట్‌ను దారిలో పెట్టడం బెల్ట్ తిరుగుతుండగా నేర్చుకోవాల్సిన పని. ఆపి నేర్చుకుందామంటే కుదరదు.

ఈ ఖాళీని పూడ్చడానికే స్కేల్ మోడల్ కావాలి. మన శిక్షణ కేంద్రాల్లో మోడళ్లకు కొరతేం లేదు. సగానికి కోసి ఎరుపు, పసుపు రంగులు వేసిన గేర్‌బాక్సులు, గాజు పెట్టెలో మెరిసే బాయిలర్ నమూనాలు చాలాచోట్ల కనిపిస్తాయి. అతిథులు వచ్చినప్పుడు చూపిస్తారు, ఆయుధపూజ రోజున బొట్టు పెడతారు, మర్నాడు మళ్లీ గుడ్డ కప్పేస్తారు. అవి యంత్రం లోపల ఏముంటుందో చెప్పగలవు. ఎలా చెడిపోతుందో చెప్పలేవు. మెయింటెనెన్స్ మనిషికి కావాల్సింది ఆ రెండోదే. కాబట్టి శిక్షణ మోడల్ కట్టేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న, అసలు యంత్రం పాడైనట్టే ఇదీ పాడవుతుందా అన్నది. చూడ్డానికి దానిలా ఉందా అన్నది ఆ తర్వాతి సంగతి.

రైల్వే వాళ్లు ముందే కనిపెట్టిన దారి

దీనికి మంచి ఉదాహరణ రైల్వేలో ఉంది. స్టేషన్ మాస్టర్లకు, సిగ్నల్ సిబ్బందికి శిక్షణ ఇచ్చేచోట మోడల్ రూమ్ అనే గది ఉంటుంది. సికింద్రాబాద్‌లో 1957లో మొదలైన రైల్వే సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్‌ది సిగ్నల్ శిక్షణలో పెద్ద పేరు. మోడల్ రూమ్ బల్ల మీద చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్లు, చిన్న బండ్లు ఉంటాయి. ట్రైనీ చేతికింద ఉండే, పక్క స్టేషన్‌తో బండి అనుమతి ఇచ్చిపుచ్చుకునే బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటు, గంట మాత్రం అసలు సైజువే. ఈ పద్ధతి పాతదే. ఇంగ్లండ్‌లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే సిగ్నల్ పాఠశాల వాడిన ఇలాంటి నమూనాను యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం ఇప్పటికీ భద్రపరిచింది.

కంటితో చూసేది చిన్నదైనా ఫర్వాలేదు, చేత్తో పట్టుకునేది మాత్రం చిన్నది కాకూడదన్న విషయం వాళ్లకు తెలుసు. ఫ్యాక్టరీ యంత్రాల మోడళ్లలో ఎక్కువగా తప్పేది ఈ చోటే. అన్నిటినీ ఒకే నిష్పత్తిలో కుదించేసి, పని అయిపోయిందనుకుంటారు.

బెల్ట్ కన్వేయర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల్లో, సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు ముడిసరుకు విభాగంలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా కనిపించే యంత్రం ఇది. నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. లోపాలు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి తికమక పెడతాయి. శిక్షణకు ఇలాంటిదే కావాలి.

డ్రాయింగ్ కన్నా ముందు లోపాల జాబితా

మోడల్ పని డ్రాయింగ్‌తో మొదలుపెట్టకూడదు, లోపాల జాబితాతో మొదలుపెట్టాలి. ఆ జాబితా షిఫ్ట్ లాగ్‌బుక్‌లో దొరుకుతుందనుకుంటే నిరాశే. అందులో సాధారణంగా ‘బెల్ట్ పక్కకు జరిగింది, సరిచేయబడింది’ అని ఉంటుంది. ఎందుకు జరిగిందో, ఏం చేస్తే సరైందో ఉండదు. ఆ సమాచారం ఫిట్టర్ల దగ్గర ఉంటుంది కాబట్టి వాళ్ల పక్కన కూర్చుని రాసుకోవాలి. అలా రాసుకుంటే దాదాపు ఏ ప్లాంటులోనైనా ఇవే బయటపడతాయి. ఐడ్లర్ వంకరగా బిగించి ఉండటం. రోలర్ జామ్ అయి, తిరిగే బెల్ట్ కింద అరిగి పదునెక్కడం. బెల్ట్ మీదికి బొగ్గు ఎక్కే కొసనున్న టెయిల్ పుల్లీకి బొగ్గు అంటుకుని గడ్డకట్టడం. బెల్ట్ జాయింటు అంచుకు లంబంగా లేకపోవడం. బెల్ట్‌ను బిగువుగా ఉంచే టేకప్ బరువు ఇరుక్కుపోయి బెల్ట్ వదులవడం, దాంతో మోటారు తిప్పే డ్రైవ్ పుల్లీ జారడం. వానాకాలంలో తడి బొగ్గు, బెల్ట్ నుంచి కిందికి జారే షూట్‌లో పేరుకుని మూసుకుపోవడం. తాడు లాగితే కన్వేయర్‌ను ఆపే లాగుతాడు స్విచ్ వైరింగ్‌లో తెగుదల.

వీటిలో ప్రతిదాన్నీ మోడల్‌లో కావాలన్నప్పుడు పుట్టించగలగాలి, వద్దన్నప్పుడు తీసేయగలగాలి. ఈ ఒక్క షరతు డిజైన్‌ను చాలావరకు తేల్చేస్తుంది. ఉదాహరణకు ఐడ్లర్ బేస్‌కు పొడుగు రంధ్రాలు ఉండి తీరాలి. ఒకటి రెండు రోలర్ల లోపల బయటికి కనబడని బ్రేకు స్క్రూ పెట్టాలి. ఒక బెల్ట్‌కు జాయింటు సరిగా, మరో బెల్ట్‌కు కావాలనే వంకరగా వేసి రెండూ సిద్ధంగా ఉంచుకోవాలి.

ఒకటికి ఐదు: ఏది ఎంత తగ్గుతుంది?

1000 మి.మీ. వెడల్పు బెల్ట్ ఉన్న కన్వేయర్‌ను 1:5 స్కేలులో కడుతున్నామనుకుందాం. బెల్ట్ వెడల్పు 200 మి.మీ. అవుతుంది. 1.2 మీటర్ల దూరంలో ఉండే పైవరస ఐడ్లర్లు 240 మి.మీ. దూరానికి వస్తాయి. 127 మి.మీ. రోలర్ 25 మి.మీ. అవుతుంది. ఇక్కడో అదృష్టం ఉంది. బజారులో ఎక్కడైనా దొరికే 608 నంబరు బేరింగ్ బయటి వ్యాసం 22 మి.మీ. దాన్ని నైలాన్ రాడ్‌తో లేతు మీద చేసిన రోలర్‌లో కూర్చోబెట్టవచ్చు. 1:10కి వెళ్తే రోలర్ వేలి సైజుకు పడిపోతుంది, ఇలాంటి బేరింగ్ పట్టదు. 1:2 అయితే విడిభాగాలు ఎత్తడానికి చైన్ బ్లాక్ కావాలి. మధ్యలో ఉన్న 1:4, 1:5 స్కేళ్లే ఈ పనికి నప్పుతాయి.

పొడవు సంగతి వేరు. 500 మీటర్ల కన్వేయర్‌ను 1:5లో కట్టినా 100 మీటర్లవుతుంది. ఏ శిక్షణ గదిలోనూ పట్టదు. హెడ్ ఎండ్ (బొగ్గు కిందపడే కొస), టెయిల్ ఎండ్, టేకప్ మాత్రం స్కేలు ప్రకారం ఉంచి, మధ్య భాగాన్ని ఆరు మీటర్లకు కత్తిరించేయాలి. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు. మధ్యలోని ఐడ్లర్లన్నీ ఒకేలాంటివి, పాతిక ఉన్నా, నాలుగొందలున్నా నేర్పేది అదే.

కొలతలు తగ్గినంత సులువుగా బలాలు తగ్గవు. పొడవు ఐదో వంతైతే విస్తీర్ణం 25వ వంతు, బరువు 125వ వంతు అవుతాయి. ఈ తేడా ఎంత దూరం పోతుందో గెలీలియో 1638లోనే రాశాడు. టేకప్‌లో వేలాడే బరువు అసలు యంత్రంలో 3 టన్నులైతే మోడల్‌లో 24 కిలోలు చాలు. మోటారు విషయంలో బలంతోపాటు వేగం కూడా తగ్గుతుంది కాబట్టి పవర్ సుమారు 280వ వంతుకు పడిపోతుంది. అంటే 75 కిలోవాట్ల డ్రైవ్‌కు బదులు అర హెచ్‌పీ కన్నా తక్కువ చాలు. చిన్న బేరింగుల్లో రాపిడి వాటా ఎక్కువ కాబట్టి ఒక హెచ్‌పీ పెట్టుకోవడం మంచిది. ఇంత చిన్న మోటారైనా మూడు ఫేజుల 415 వోల్టులదే కావాలి. అప్పుడు స్టార్టరు, ఓవర్‌లోడ్ రిలే, ఎంసీబీ, వైరింగ్ అన్నీ ప్లాంటులో ఉన్నట్టే ఉంటాయి. కరెంటుకు స్కేలు అక్కర్లేదు.

ఇక బోల్టు. ఈ శిక్షణలో అతి ప్రమాదకరమైన భ్రమ అక్కడే పుడుతుంది. 8.8 గ్రేడు ఎం20 (20 మి.మీ. లావు) బోల్టును బిగించడానికి దాదాపు 400 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. 30 మి.మీ. స్పానర్‌కు మీటరు పొడవు పైపు తొడిగి 40 కిలోల బలంతో లాగితే వచ్చేది అది. మోడల్‌లో దాని స్థానంలో వచ్చే ఎం4 బోల్టుకు 7 మి.మీ. స్పానర్‌తో 3 న్యూటన్ మీటర్లు చాలు. అది వేళ్లతో చేసే పని. లెక్క సరిగ్గా 125 రెట్ల దగ్గర కుదిరింది కానీ చేతికి అబ్బే నేర్పు మాత్రం కుదరలేదు. ఎం4 మీద ఆర్నెల్లు పని నేర్చినవాడికి ఎం20ని ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా ఆ మధ్యకాలంలో ఎం4 తలలు విరగ్గొట్టి అలవాటైన భయంతో పెద్ద బోల్టును వదులుగా వదిలేస్తాడు.

వేగం, మందం: కళ్లను మోసం చేసే రెండు

స్కేలు ఐదో వంతు కాబట్టి వేగాన్నీ ఐదో వంతు చేసేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే హెడ్ పుల్లీ దగ్గర బొమ్మ తారుమారవుతుంది. అసలు కన్వేయర్ సెకనుకు 2.5 మీటర్ల వేగంతో, అర మీటరు వ్యాసార్థం ఉన్న పుల్లీ మీద తిరుగుతోందనుకుందాం. ఆ వేగానికి బొగ్గు పుల్లీ పైభాగంలోనే బెల్ట్‌ను వదిలి ముందుకు విసిరినట్టు పడుతుంది, షూట్ ఎదురు గోడకు తగులుతుంది. గోడకున్న లైనర్ ఎక్కడ అరుగుతుందో దాన్నిబట్టే ఉంటుంది. మోడల్‌ను సెకనుకు అర మీటరు వేగంతో తిప్పితే సరుకు బెల్ట్‌ను వదలకుండా పుల్లీ చుట్టూ కిందికి జారి, షూట్ ఇవతలి గోడ వైపు పడుతుంది. షూట్ జామ్ గురించి ట్రైనీ నేర్చుకునేదంతా తప్పుగా నేర్చుకుంటాడు.

ఈ లెక్కను 1870ల్లో ఓడల నమూనాలతో ప్రయోగాలు చేసిన విలియం ఫ్రూడ్ పేరుతో పిలుస్తారు. భూమ్యాకర్షణ నడిపించే కదలికల్లో వేగం స్కేలు వర్గమూలం ప్రకారం తగ్గాలి. ఐదుకు వర్గమూలం 2.24. కాబట్టి మోడల్ బెల్ట్ సెకనుకు సుమారు 1.1 మీటర్ల వేగంతో తిరగాలి. పుల్లీ చక్కర్లు మాత్రం పెరుగుతాయి, నిమిషానికి 48 చుట్లు తిరిగేది 107 తిరుగుతుంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర పోర్ట్ రెవెల్ అనే సరస్సులో 1967 నుంచి ఓడల పైలట్లకు 1:25 నమూనాల మీద శిక్షణ ఇస్తున్నారు. అక్కడ కాలం ఐదు రెట్లు వేగంగా నడుస్తుంది, అంటే అసలు ఓడ ఐదు నిమిషాల్లో తిరిగే మలుపు నిమిషంలో అయిపోతుంది. మన కన్వేయర్‌లో ఆ తేడా రెండు రెట్ల పైచిలుకే. ట్రైనీకి ఆ విషయం ముందే చెప్పాలి.

బెల్ట్ మందంది మరో తంటా. 15 మి.మీ. బెల్ట్‌కు బదులు అదే రకం రబ్బరుతో 3 మి.మీ. బెల్ట్ వేస్తే స్కేలు సరిపోయినట్టే కనిపిస్తుంది. ఐడ్లర్ల మీద వేసి చూస్తే మాత్రం అది అట్టముక్కలా నిలబడిపోతుంది, తొట్టిలా అమర్చిన మూడు రోలర్లలో మధ్య రోలర్‌ను తాకదు. కారణం, చిన్నదయ్యే కొద్దీ వస్తువు సొంత బరువుకు వంగడం తగ్గుతుంది. మధ్య రోలర్‌ను తాకని బెల్ట్‌కు దారి చూపించేది ఏదీ ఉండదు. ఎటు పడితే అటు పోతుంది, ట్రైనీ ఏ ఐడ్లర్‌ను సర్దినా ఫలితం ఉండదు. అసలు యంత్రంలో కూడా బరువైన కొత్త బెల్ట్ ఖాళీగా తిరిగేటప్పుడు ఈ ఇబ్బంది కొంత ఉంటుంది, కానీ మోడల్‌లో అదే శాశ్వతమైపోతుంది. వంగుడు లెక్క వేస్తే మందం 3 మి.మీ. నుంచి 1.3 మి.మీ. దాకా తగ్గించాలని తేలుతుంది. స్కేలు ప్రకారం చూస్తే ఇది తప్పు కొలతే. నడక మాత్రం సరైన బెల్ట్‌కు దగ్గరగా వస్తుంది.

సరుకు విషయంలోనూ అంతే. బొగ్గును ఐదో వంతుకు నూరితే అందులోని సన్నపొడి మరీ సన్నమై, గాలిలో లేస్తుంది, అన్నిటికీ అంటుకుంటుంది. ప్లాస్టిక్ గింజలో, జల్లించిన చిన్న కంకరో వాడి, వానాకాలపు జామ్ చూపించాల్సిన రోజున మాత్రం తడి రంపపు పొట్టులో బంకమట్టి కలిపి వేస్తే చాలు.

వేడినీ, వణుకునూ తెచ్చిపెట్టుకోవాలి

కొన్ని లోపాలు చిన్న సైజులో వాటంతటవి రావు. పెద్ద పుల్లీ బేరింగ్‌లో గ్రీజు ఎండిపోతే హౌసింగ్ (బేరింగ్ కూర్చునే డబ్బా) ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతుంది. మోడల్ బేరింగ్‌లో గ్రీజు మొత్తం తుడిచేసినా చల్లగానే ఉంటుంది. లోడు తక్కువ, ఉన్న బరువుతో పోలిస్తే గాలి తగిలే ఉపరితలం ఎక్కువ. అందుకని హౌసింగ్ లోపల చిన్న హీటరు, థర్మోస్టాట్ దాచి, 70 డిగ్రీల దాకా వేడెక్కించాలి. నాలుగు హౌసింగ్‌ల్లో మూడింటికి నల్లరంగు వేసి, ఒకదాన్ని మెరిసే లోహంగా వదిలేస్తే మరో పాఠం కూడా వస్తుంది. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అసలు కన్నా తక్కువ ఉష్ణోగ్రత చూపిస్తుంది. గన్ను చూపించిన అంకెను నమ్మి ఆ బేరింగ్ బాగుందని రాసిన ట్రైనీ, ప్లాంటులో ఆ తప్పు చేసే అవకాశం తగ్గుతుంది.

వైబ్రేషన్ కూడా ఇంతే. ఒకే లోహంతో, ఒకే ఆకారంలో ఐదో వంతు సైజు ఫ్రేము కడితే దాని సహజ కంపన వేగం ఐదు రెట్లు పెరుగుతుంది. ప్లాంటులో గ్యాలరీని ఊపేసే అసమతౌల్యం మోడల్‌లో చేతికి కూడా తెలియదు. మోటారు పలకను మెత్తని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, కప్లింగ్‌కు ఒక చిన్న స్క్రూ అదనంగా బిగించాలి.

బెల్ట్ ఎటు పోతోంది?

ఇన్ని సర్దుబాట్లు చేసి కట్టాక మోడల్ ఇచ్చే అసలు లాభం చూద్దాం. బెల్ట్ దారి తప్పడానికి ఉన్న మూల సూత్రం ఒక్క వాక్యం. బెల్ట్ రోలర్‌ ఏ కొసను ముందుగా తాకుతుందో ఆ వైపుకే జరుగుతుంది. చెబితే అందరికీ అర్థమవుతుంది, కన్వేయర్ ముందు నిలబడితే సగం మందికి కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ఇది పుస్తకంలో నేర్పగలిగే విషయం కాదు.

దానికన్నా ముఖ్యమైనది తేడా పట్టుకోవడం. బెల్ట్ మొత్తం ఎప్పుడూ ఒకేచోట పక్కకు పోతుంటే లోపం ఆ చోటికి కొంచెం వెనకున్న ఐడ్లర్లలోనో, ఫ్రేములోనో ఉంది. బెల్ట్‌లోని ఒకే ముక్క ఎక్కడికి పోయినా అక్కడ పక్కకు జరుగుతుంటే లోపం బెల్ట్‌లోనే ఉంది, చాలాసార్లు జాయింటులో. 500 మీటర్ల కన్వేయర్‌లో ఈ తేడా పట్టుకోవడం ఎంత కష్టమో లెక్క చెబుతుంది. కిలోమీటరు బెల్ట్ 2.5 మీటర్ల వేగంతో ఒక చుట్టు తిరిగిరావడానికి 6 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. గ్యాలరీలో ఒకచోట నిలబడిన మనిషి జాయింటును ఒకసారి చూశాక మళ్లీ చూడ్డానికి అంతసేపు ఆగాలి. మోడల్‌లో ఆ జాయింటు పదకొండు పన్నెండు సెకన్లకోసారి కంటి ముందుకొస్తుంది, పైగా బెల్ట్ మొత్తం ఒకే చూపులో కనబడుతుంది. రెండు రకాల తప్పుడు నడకలను పక్కపక్కన పెట్టి పది నిమిషాల్లో చూపించవచ్చు. ప్లాంటులో ఈ పాఠానికి ఏళ్లు పడుతుంది.

ఇదే వేగం ఒక చెడ్డ అలవాటు కూడా నేర్పుతుంది. కొత్త ఫిట్టర్లు మామూలుగా చేసే పొరపాటు తొందరే. ఐడ్లర్‌ను కొంచెం కదుపుతారు, బెల్ట్ వెంటనే స్పందించలేదని ఇంకా కదుపుతారు, అది రెండో పక్కకు పోయేసరికి వెనక్కి కొడతారు. మోడల్ పన్నెండు సెకన్లలో జవాబిస్తుంటే ఈ తొందర ఇంకా ముదురుతుంది. కాబట్టి ప్రతి సర్దుబాటు తర్వాత ఏ ఐడ్లర్, ఏ వైపు, ఎంత కదిపారో కాగితం మీద రాసి, బెల్ట్ మూడు చుట్లు తిరిగేదాకా స్పానర్ కింద పెట్టాలన్న నియమం ఉండాలి. విసుగ్గా ఉంటుంది నిజమే, అయినా ఉండాలి.

భయం తగ్గకూడదు

బరువులు 125వ వంతుకు పడిపోవడం వల్ల వచ్చే మరో చిక్కు భద్రత. అసలు కన్వేయర్‌లో బెల్ట్‌కూ పుల్లీకీ మధ్య చెయ్యి పడితే ఆ చెయ్యి మళ్లీ దక్కదు. మోడల్‌లో గిల్లినట్టుంటుంది, లేదా వేలు కందుతుంది. ‘ఏం కాలేదు’ అన్న అనుభవం మెదడులో కూర్చుంటే మోడల్ చేసిన మేలంతా వృథా. కంచె లేకుండా మోడల్ తిప్పనివ్వకూడదు. కంచె దాటి చెయ్యి వెళ్తే సెన్సర్ మెషిన్‌ను ట్రిప్ చేయాలి, ఆ రోజు ఆ ట్రైనీ పరీక్ష అక్కడితో అయిపోయినట్టే.

లైన్ క్లియర్ (కరెంటు తీసేశామన్న రాతపూర్వక హామీ), పర్మిట్, తాళం, ట్యాగు ఇవన్నీ అసలు సైజులో, అసలు కాగితాలతో జరగాలి. బొమ్మ తాళం పెడితే బొమ్మాటే నేర్చుకుంటారు. కరెంటు తీసేసినంత మాత్రాన కన్వేయర్ చచ్చినట్టు కాదని కూడా మోడల్ చూపించగలగాలి. టేకప్ బరువు ఇంకా వేలాడుతూనే ఉంటుంది. వాలుగా ఉన్న బెల్ట్ మీద సరుకుంటే, వెనక్కి తిరగనివ్వని హోల్డ్‌బ్యాక్ పనిచేయకపోతే బెల్ట్ వెనక్కి పరుగెడుతుంది. మోడల్‌ను కొంచెం వాలుగా కట్టి, హోల్డ్‌బ్యాక్‌ను తీసేసే ఏర్పాటు చేసి, సరుకు నింపి కరెంటు తీసి చూపిస్తే తాళం వేశాక కూడా బరువును ఎందుకు కట్టేయాలో మళ్లీ చెప్పనక్కర్లేదు.

మోడల్‌తో నేర్పలేనివాటిని దాని పక్కనే అసలు సైజు బల్ల మీద పెట్టాలి. నిజం ఎం20 బోల్టులున్న ఒక ప్లేటు, టార్క్ రెంచి. టేపర్ బోరు బేరింగ్, స్లీవ్, ఫీలర్ గేజ్, ఎందుకంటే మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉండే ఖాళీని చిన్న బేరింగ్‌లో కొలిచే పనే ఉండదు. మోటారు, గేర్‌బాక్సు అలైన్‌మెంటుకు డయల్ గేజ్‌తో ఒక పూర్తి సైజు కప్లింగ్. నిజం బెల్ట్ ముక్క, దాని పొరలు మెట్లుమెట్లుగా కోసి జాయింటు వేయడానికి కత్తి. హాట్ జాయింటు నేర్పాలంటే 140, 150 డిగ్రీల మధ్య పనిచేసే ప్రెస్ కావాలి, దానికి మోడల్ ప్రత్యామ్నాయం కాదు. లాగుతాడు స్విచ్, జీరో స్పీడ్ స్విచ్ (బెల్ట్ ఆగితే మోటారును ఆపేది) కూడా ప్లాంటులో వాడేవే మోడల్‌కు బిగించాలి. చిన్న ఫ్రేముకు అంత స్విచ్ ఎబ్బెట్టుగా కనబడుతుంది. కనబడనివ్వాలి.

తాళం వేసిన పెట్టె

లోపాలు పుట్టించే స్విచ్‌లు ఇన్‌స్ట్రక్టర్ దగ్గర తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. విద్యుత్ లోపాలను ల్యాంపు వెలిగించి చూపిస్తే లాభం లేదు. వైరు నిజంగానే తెగాలి, మల్టీమీటర్ పెడితే దొరకాలి. వదులు కనెక్షన్ కావాలంటే వరుసలో ఒక రెసిస్టర్ కలపాలి. ఇన్‌స్ట్రక్టర్‌కు చమత్కారం ఉంటే జీరో స్పీడ్ సెన్సర్‌ను టెయిల్ పుల్లీ నుంచి తీసి డ్రైవ్ పుల్లీకి బిగిస్తాడు. బెల్ట్ జారిపోతున్నా డ్రైవ్ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, సెన్సర్ అంతా బాగుందని చెబుతూనే ఉంటుంది. ఏ భాగమూ పాడవలేదు, అయినా రక్షణ లేదు. ఇలాంటి లోపాన్ని పట్టుకున్నవాళ్లకు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) చదవడం వచ్చినట్టే.

ఏ మోడల్‌లోనైనా రెండో బ్యాచ్‌కల్లా లోపాల జాబితా బయటికి పొక్కుతుంది. హాస్టల్లో సీనియర్లు చెప్పేస్తారు. దాన్ని ఆపే ప్రయత్నం కన్నా రెండేసి లోపాలు కలపడం మేలు. అప్పుడప్పుడూ ఏ లోపమూ పెట్టకుండా ‘బెల్ట్ సరిగా లేదు, చూడండి’ అని వదిలేయడం ఇంకా మేలు. బాగున్న మెషిన్‌లో ఏదో ఒకటి మార్చేసి వచ్చేవాళ్లు ఎంతమందో అప్పుడు తెలుస్తుంది. మార్కులు వేసేటప్పుడు పట్టిన సమయాన్ని మాత్రమే చూస్తే ఈ రకం వాళ్లే ముందుంటారు. ముందుగా ఏం ముట్టుకున్నారు, ఎన్ని బాగున్న భాగాలు విప్పారు, పర్మిట్ అడిగారా లేదా అన్నవి రాసుకుంటే అసలు తేడా కనబడుతుంది.

మోడల్‌కు కూడా మెయింటెనెన్స్ కావాలన్నది కట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. అసలు యంత్రంలో ఒక బోల్టును జీవితకాలంలో విప్పేన్నిసార్లు ఇక్కడ ఒక్క నెలలో విప్పుతారు. అల్యూమినియంలో నేరుగా మరలు కోస్తే త్వరలోనే అరిగిపోతాయి, స్టీలు ఇన్సర్టులు వేయాలి. బేరింగ్ లాగి మళ్లీ కొట్టే షాఫ్టు కొస వదులైపోతుంది, అక్కడ మార్చుకోగల స్లీవ్ ఉండాలి. రోలర్లు, బేరింగులు రెండో సెట్టు మొదటి రోజు నుంచే అలమరలో ఉండాలి. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లది. రెండో ఏడాది వాళ్లకు ఈ విడిభాగాలు లేతు మీద చేసే పని అప్పగిస్తే వాళ్ల ప్రాక్టికల్సూ అవుతాయి, మోడలూ నిలుస్తుంది.

చివరి దశలో మోడల్‌కున్న పెద్ద సౌకర్యాన్ని, అంటే అంతా ఒకే చూపులో కనబడటాన్ని, కావాలనే తీసేయాలి. గ్యాలరీలో దుమ్ము, రొద, మసక వెలుతురు. హెడ్ దగ్గరున్న మనిషికి టెయిల్ కనబడదు. అందుకని కన్వేయర్ మధ్యలో అడ్డంగా టార్పాలిన్ కట్టి, చెరో కొసన ఒక ట్రైనీని నిలబెట్టి, వాకీటాకీ ఇవ్వాలి. స్పీకర్లో మెషిన్ల రొద పెట్టాలి. ‘ఎడమకు పోతోంది’ అని ఒకరు అంటే ఎవరి ఎడమ అని రెండోవారు అడగడం మొదలయ్యాక, ఇద్దరూ బెల్ట్ నడిచే దిశను బట్టి కుడి ఎడమలు ఖాయం చేసుకున్నాక, వాళ్లను తర్వాతి షట్‌డౌన్‌కు నిజం గ్యాలరీలోకి పంపవచ్చు. అక్కడ మొదటి పని ఐడ్లర్లు లెక్కపెట్టి, చేత్తో తిప్పితే తిరగని వాటి నంబర్లు రాసుకురావడం.